నీళ్ళు కలిపిన చేయి

మూడో అగ్గిపుల్ల కూడా ఆరిపోయింది.

స్టీలు పళ్ళెంలో పోసిన స్పిరిట్ చలనం లేకుండా అలాగే ఉంది. అన్నయ్య ఆరిన పుల్లను పక్కన పడేసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. అయిదు లీటర్ల డబ్బాను వర్క్‌షాపు నుంచి వీధి పొడుగునా మోసుకొచ్చిన మనిషి. చొక్కా వీపుకు అతుక్కుపోయింది గానీ కోపం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు.

"చూశావుగా పిట్టా. అసలు స్పిరిట్ అయితే పుల్ల దగ్గరికి తెస్తేనే భగ్గుమనాలి. ఇదేమో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఎందుకో తెలుసా? సగానికి సగం కుళాయి నీళ్ళు."

ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చినా, పదో తరగతి చదివే కూతురున్నా, అన్నయ్యకు చెల్లెలు పిట్టే. ఆ పిట్ట వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడి పళ్ళెం వంకే చూస్తోంది.

"మిగతా సగం ఎటు పోయిందో నన్నడక్కు. అడగాల్సినవాణ్ణి అడుగు."

అడగాల్సినవాడు, పిట్ట మొగుడు, గోడవారగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెక్క సామాన్లకు లక్క పాలిష్ పట్టించడంలో చేయి తిరిగిన మనిషని అన్నయ్య వర్క్‌షాపులో చిన్నా పెద్దా ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. ఏడు నెలల కిందట ఆ మాస్టారే, ఆ వర్క్‌షాపులోనే, అలాంటి డబ్బాలోంచే స్పిరిట్ తాగి, చూపు మసకబారి ఆసుపత్రిలో నాలుగు రోజులు పడి ఉన్నాడు. అక్కణ్ణుంచి తాగుడు మాన్పించే సెంటర్‌కి, అక్కణ్ణుంచి ఇంటికి. ఈ రోజుకి రెండు వందల పదమూడు రోజులు. చుక్క ముట్టలేదనే ఈ ఉదయం దాకా ఊరంతా నమ్మింది.

"నేను తాగలేదు బావా" అన్నాడు మాస్టారు.

"అప్పుడూ ఇదే మాట. తాగినంత తాగి, పైన నీళ్ళు పోసి, మూత బిగించి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నావు. లేదని చెప్పు."

"అప్పుడు చేశాను. ఇప్పుడు చేయలేదు."

"మరి నీళ్ళెలా వచ్చాయి? డబ్బాకి చెమట పట్టిందా?"

మాస్టారు పళ్ళెం వంక చూశాడు.

"వాసన కూడా తెలియలేదంటావా, ఇరవై ఏళ్ళ పనివాడివి?"

"సెంటర్లో చెప్పినట్టు ముక్కుకి తడిగుడ్డ కట్టుకునే మూత తీస్తున్నాను. వాసన పీల్చకూడదనే కదా ఆ గుడ్డ. బల్ల తెల్లబడుతుంటే నా చేతిలో పనే పోయిందనుకున్నాను."

వకీలుగారి పెద్ద బల్ల అది. పన్నెండుమంది కూర్చునేది. నెల్లాళ్ళ పని. లక్క కరిగించి పెట్టుకున్న సీసా వేరే ఉంటుంది. చివర్లో ఆ లక్కను పలచన చేసి, మెరుపు తేవడానికి మాత్రమే డబ్బాలోని స్పిరిట్ వాడతారు. అందులో తడి చేరితే పాలిష్ తెల్లగా పొర కడుతుంది. నిన్న సాయంత్రానికి బల్ల మొహం పాలు ఒలికినట్టయింది. రేపు పొద్దున్నే లారీ వస్తుంది.

తాగింది దాచాలనుకుంటే తప్ప ఈ పని తెలిసినవాళ్ళెవరూ స్పిరిట్‌లో నీళ్ళు కలపరు. పిట్టకు ఈ పని తెలియదు. స్పిరిట్ అంటే తాగడానికి పనికొచ్చే ఒక దిక్కుమాలిన సరుకని మాత్రమే పద్ధెనిమిదేళ్ళ కాపురం ఆమెకు నేర్పింది.

ఆ నీళ్ళు పోసింది ఆమే.

ఇదేమీ ఆమెకు కొత్త కాదు. మాస్టారు బాగా తాగే రోజుల్లో సీసా ఎక్కడ దాచినా పసిగట్టి, సగం సింకులో వంపి, సగం నీళ్ళు నింపి యథాస్థానంలో పెట్టేసేది. మాన్పించడం చేతకానప్పుడు తగ్గించడమైనా చేతనవ్వాలని ఆమె పట్టుదల. ఆ మహానుభావుడికి ఏనాడూ అనుమానం రాలేదు. పైగా స్నేహితుల దగ్గర కాలరెగరేసేవాడు, ఎంత తాగినా నాకు ఎక్కదురా అని. వంటింట్లో ఆ మాట విని ఆమె పెదవి కొరుక్కునేది. ఆ రోజుల్లో ఆమెకు నవ్వు వచ్చిన సందర్భాలు అవే.

అలవాటు పాడుగాను, ఎక్కడికి పోతుంది? మూడు వారాల కిందట ఒక ఆదివారం మాస్టారు సింకు దగ్గర గిన్నెలు తోముతూ కూనిరాగం తీశాడు. హాల్లో బట్టలు మడతపెడుతున్న పిట్ట చేయి ఆగిపోయింది. ఆ మనిషి పాడగా ఆమె ఎన్నిసార్లు విన్నదో అన్నిసార్లూ తాగే ఉన్నాడు. మర్నాడు అన్నం క్యారేజీ పట్టుకుని వర్క్‌షాపుకి వెళ్ళింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చేలోగా డబ్బా సగం కాలువలోకి పోయింది, కుళాయి కింద మళ్ళీ నిండింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు.

ఇప్పుడేమో తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది.

"తాళాలు" అన్నాడు అన్నయ్య, చేయి చాపి.

మాస్టారు జేబులోంచి వర్క్‌షాపు తాళాల గుత్తి తీసి ఆ చేతిలో పెట్టాడు.

"పిట్టా, నువ్వూ పిల్లా బట్టలు సర్దుకోండి. నీ మొహం చూసి ఇతన్ని మళ్ళీ పనిలోకి తీసుకున్నాను. చాలు. ఈసారి ఆసుపత్రి బెంచీ మీద నా చెల్లెలు కూర్చోవడం నేను చూడలేను."

"అన్నయ్యా, కాస్త ఆగు" అంది పిట్ట. ఆ తర్వాతి మాట నాలుక మీదికి రాలేదు.

చెప్పడం ఎంతసేపు? నాలుగు మాటలు. కానీ ఈ ఏడు నెలలుగా ఈ ఇంట్లో తప్పు చేసినవాడు ఒకడే, క్షమించే మనిషి ఒకతే. ఆయన తల వంచుకుని అడిగేవాడు, ఆమె పైనుంచి వినేది. ఆ ఎత్తు ఆమెకు బాగా అలవాటైంది. ఊరంతా ఆమె ఓర్పును మెచ్చుకుంటున్న సమయంలో కిందికి దిగడానికి కాళ్ళు రావడం లేదు. సిగ్గు లేకుండా చెప్పాలంటే, అంతే సంగతి.

పక్కగదిలోంచి అమ్మాయి వచ్చింది. చేతిలో పుస్తకం ఉంది, వేలు పేజీల మధ్య ఇరికించి ఉంది. ఏడు నెలల్లో ఆరు నెలలు తండ్రితో మాట్లాడని పిల్ల. ఈ మధ్యే మళ్ళీ 'నాన్నా' అనడం మొదలుపెట్టింది.

"నాన్నా, తాగావా? తాగితే తాగానని చెప్పెయ్. నేనేం అనను. అబద్ధం మాత్రం చెప్పకు."

ఇంతసేపూ అన్నయ్యతో నిలదొక్కుకున్న మనిషి ఆ మాట దగ్గర జారిపోయాడు. కూతురి వంక చూశాడు, అరచేతుల వంక చూసుకున్నాడు.

"ఏమోనమ్మా" అన్నాడు. "తాగానేమో."

"తాగానేమో ఏమిటి?" అన్నాడు అన్నయ్య.

"అప్పట్లో తాగలేదని మీ అందరి మీదా ఒట్లు పెట్టేవాణ్ణి కదా బావా. అన్నీ అబద్ధాలు కావు. కొన్నిసార్లు నిజంగానే గుర్తుండేది కాదు. ఇప్పుడు మాత్రం గుర్తుంటుందని నమ్మకమేమిటి? డబ్బాలో నీళ్ళున్నాయి. అక్కడ పనిచేసే వాళ్ళలో తాగుబోతును నేనొక్కణ్ణే. ఇంకెవరు పోస్తారు?" అరచేతులు నోటికి అడ్డం పెట్టి చూపించాడు. "పొద్దున బాత్రూంలో చేతుల్లోకి ఊదుకుని నా నోరు నేనే వాసన చూసుకున్నాను. నాలుగుసార్లు."

పిట్ట గుమ్మం దాటి ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన్ని అన్నయ్య నమ్మకపోవచ్చు, ఊరు నమ్మకపోవచ్చు, దానికి మందుంది. ఆయన్ని ఆయనే నమ్మకపోతే సాయంత్రానికల్లా ఎక్కడ తేలతాడో ఆమెకు తెలుసు. ఎలాగూ తాగినట్టే కదా అనుకున్న మనిషిని ఇక ఆపేదేముంది?

మాస్టారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీ అరమీద జానెడు చెక్కముక్క ఉంది. సెంటర్లో కలిసినవాళ్ళంతా వారం వారం ఒకచోట కూడతారు. తాగని రోజుల్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా లెక్కపెట్టుకుంటారు, చాలామంది క్యాలెండర్లో గీతలు గీస్తారు. మాస్టారు తన పని పద్ధతిలో లెక్కపెట్టాడు. పొద్దున్నే పనికి వెళ్ళేముందు ఆ చెక్కకి ఒక్క పూత పాలిష్. ఆసుపత్రిలో, సెంటర్లో గడిచిన రోజుల బాకీ ఇంటికొచ్చాక తీర్చాడు. రెండు వందల పదమూడు పూతలు. అంత మెరుపు ఏ వకీలు బల్లకీ రాలేదు. తప్పితే మళ్ళీ మొదటినుంచి అని వాళ్ళ నియమం.

ఆయన సొరుగులోంచి గరుకుకాగితం తీశాడు. నేలమీద కూర్చుని, చెక్కను ఒళ్ళో పెట్టుకుని, రుద్దడం మొదలుపెట్టాడు. ఎర్రటి పొడి పంచె మీద రాలింది.

"నాన్నా" అంది అమ్మాయి, ఏడుపు గొంతుతో.

"ఫర్వాలేదమ్మా. రేపు ఒకటి అనుకుందాం."

"ఆపండి" అంది పిట్ట.

ఆయన ఆపలేదు. ఆమె వచ్చి ఎదురుగా కూలబడి, గరుకుకాగితం మీద అరచెయ్యి పెట్టేసింది. చర్మం గీసుకుపోయింది.

"నేను పోశాను. డబ్బాలో నీళ్ళు నేను పోశాను."

ముందుగా అన్నయ్యే తేరుకున్నాడు.

"ఇతన్ని కాపాడ్డానికి అబద్ధాలాడకు పిట్టా."

"అబద్ధం కాదన్నయ్యా. క్యారేజీ తెచ్చినప్పుడల్లా. మూడుసార్లు."

అన్నయ్య పళ్ళెం వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు, కుర్చీ లాక్కుని దబ్బున కూర్చున్నాడు. అమ్మాయి మాత్రం నిలబడే ఉంది.

"అంటే నేను నాన్నని అడుగుతున్నప్పుడు నీకు తెలుసు" అంది. "తెలిసీ అక్కడే నిలబడ్డావు."

తల్లి గీసుకుపోయిన అరచేతిని కొంగులో దాచుకుంది.

మాస్టారు గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "ఇదివరకు కూడానా?"

"ఆఁ."

"ఎన్నాళ్ళు?"

"పదకొండేళ్ళు."

ఆయన కాసేపు లెక్క వేసుకున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. "అయితే నాకు ఎక్కకపోవడం..."

"నీళ్ళేనండీ."

అన్నయ్య ముక్కులోంచి ఒక నవ్వు తన్నుకొచ్చింది. పాపం ఆపుకోబోయి దగ్గాడు. ఎవరూ ఆయనతో కలిసి నవ్వకపోయేసరికి చొక్కా కాలరు సర్దుకుని నేల చూపులు చూశాడు.

"క్షమించండి" అంది పిట్ట. "భయమేసిందండీ. ఆ రోజు మీరు గిన్నెలు తోముతూ పాట పాడారు. అది విని..."

"పాటా?"

"మీరు తాగితేనే కదా పాడేది."

మాస్టారు మొహం అప్పుడు మారింది. తాగావన్నప్పుడు కూడా అంత మారలేదు.

"ఆ రోజు పిల్ల నా పక్కన కూర్చుని అన్నం తిన్నది. ఆరు నెలల తర్వాత. సంతోషంగా ఉండి పాడాను." ఆగాడు. "ఈ ఇంట్లో నేను సంతోషంగా ఉంటే తాగినట్టు లెక్కన్నమాట. ఏడుస్తూ ఉంటే బాగుపడినట్టు."

"పోనీలే బావా" అన్నాడు అన్నయ్య, పెద్దరికం గుర్తొచ్చి. "భయపడింది. ఇన్నేళ్ళు పడ్డది కదా. నేనూ నోరు పారేసుకున్నాను. ఇక్కడితో వదిలెయ్."

"నువ్వు ఉండు బావా. నీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నేను మీ అందరి ముందూ నిలబడి క్షమించమని అడిగినప్పుడు ఎవరైనా పోనీలే అన్నారా?"

అన్నయ్య కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

మాస్టారు భార్య వైపు తిరిగాడు. "మొదటిసారి నిన్ను అడిగినప్పుడు ఏమన్నాను? నాన్న పోయిన బాధలో మొదలైంది, స్నేహితులు అలాంటివాళ్ళు, అదీ ఇదీ అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తులేకేం. సాకులు తీసేసి చెప్పండి అంది. ఆయన మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు తడబడ్డాడు. ఆమె జాలి పడలేదు. సాకు లేకుండా చెప్పేదాకా వదల్లేదు.

"తీసేసి చెప్పు" అన్నాడు మాస్టారు.

పిట్ట లేచి నిలబడింది. పైట సర్దుకుంది. పన్నెండేళ్ళుగా స్కూలు ఆఫీసులో ఉద్యోగం, రోజూ వందమంది తల్లిదండ్రులతో గలగలా మాట్లాడే మనిషి.

"డబ్బాలో నీళ్ళు పోశాను. ఎందుకంటే..."

"ఊహూఁ."

"నీళ్ళు పోశాను. మీ మంచికే..." తనే ఆగిపోయింది. ఎంత తోసినా మళ్ళీ మళ్ళీ ఆ ముక్కే వచ్చి నోట్లో కూర్చుంటోంది. అది తీసేస్తే మిగిలేది ఎంత వికారంగా ఉందో ఆమెకు అప్పుడు కనిపించింది. ఆయన్ని ఆ రోజు ఎక్కడ నిలబెట్టిందో కూడా.

కళ్ళు తుడుచుకోకుండానే చెప్పింది.

"మీ డబ్బాలో నీళ్ళు పోశాను. మూడుసార్లు. మీరు బాగుపడ్డారంటే నేను నమ్మలేదు, నమ్మినట్టు నటించాను. అన్నయ్య మిమ్మల్ని దొంగను చేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. పిల్ల అడిగినప్పుడూ నిలబడ్డాను. మంచిదాన్ననే పేరు పోతుందని నిలబడ్డాను."

మాస్టారు తలూపాడు. "ఆఁ. ఇప్పుడు సరిగ్గా చెప్పావు."

ఆమె ఎదురుచూసింది. ఆయన పంచె మీది పొడి దులుపుకున్నాడు.

"మరి... క్షమించారా?"

"తెలియదు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "అడగడం ఎలాగో నాకు నేర్పారు. ఇవ్వడం ఎవరూ నేర్పలేదు. ఇన్నాళ్ళూ నా దగ్గర ఎవరూ అడగలేదు కదా."

లేచి చెప్పులు వేసుకున్నాడు.

"బావా, బల్ల మొత్తం తుడిచి మళ్ళీ పట్టించాలి. సాయంత్రందాకా పడుతుంది. బీరువాలో కొత్త డబ్బా ఉంది కదా. తాళాలివ్వు."

అన్నయ్య జేబులో చెయ్యి పెట్టాడు గానీ బయటికి తీయలేదు. కళ్ళు మాత్రం చెల్లెలి మీదికి పోయాయి, ఇవ్వనా అన్నట్టు. ఈ ఏడు నెలలుగా మాస్టారికి సంబంధించిన ప్రతి చిన్న విషయానికీ ఆ ఇద్దరి కళ్ళూ అలా కలుసుకుంటూనే ఉన్నాయి. మాస్టారు మొదటిసారి ఆ చూపును మధ్యలో పట్టుకున్నాడు.

"దాన్నెందుకు అడుగుతావు? నన్నడుగు. తాగుతావా అని అడుగు."

"తాగుతావా?" అన్నాడు అన్నయ్య, ఇబ్బందిగా.

"తాగాలని ఉంది. ఇంతగా ఎప్పుడూ లేదు. అందుకే పని చేసుకోవాలి. నేను తాగుబోతునే బావా, అది ఇప్పట్లో మారదు. ఇవాళ పొద్దున్నుంచీ తాగలేదు, అదీ నిజమే. రెండూ కలిపి నమ్మగలిగితే ఇవ్వు, లేకపోతే నువ్వే స్పిరిట్ పోసి పాలిష్ పట్టించుకో."

అన్నయ్య తాళాలు ఇచ్చాడు. "వకీలుగారికి ఫోన్ చేసి, ఓ రెండు గంటల్లో వస్తాను" అని గొణిగాడు. మాస్టారు ఎవరి వంకా చూడకుండా వీధిలోకి దిగాడు. అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళి తండ్రి మలుపు తిరిగేదాకా చూసి వచ్చింది.

పిట్టకు అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. వంటింట్లోకి వెళ్ళింది, క్యారేజీ తీసింది, మళ్ళీ పెట్టేసింది. టీ పెడితే ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి కదా అనుకుంది. ఆరేసిన బట్టలు ఆరకముందే తీసింది. వర్క్‌షాపు ఎంత దూరం, ఆరు నిమిషాలు. కిటికీ పక్కగా నడిస్తే చాలు, లోపలికి వెళ్ళక్కర్లేదు కూడా.

"వెళ్ళకమ్మా" అంది అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండా.

"ఎక్కడికీ వెళ్ళడంలేదే."

"చెప్పులేసుకున్నావు."

పిట్ట కాళ్ళ వంక చూసుకుంది. చెప్పులు విప్పి గోడవారన పెట్టింది. మాస్టారు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమైన పనని ఆమెకు ఇన్నేళ్ళ కాపురంలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒంటిగంట అయింది, రెండయింది. మూడింటికి అమ్మాయి తల్లికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అయిదు కావస్తోంది.

గేటు చప్పుడైంది. అన్నయ్య. ఒక్కడే.

లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడి, తలుపు వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"బావ ఇంటికి రాలేదా?"

"లేదు" అంది అమ్మాయి లేస్తూ. "వర్క్‌షాపులో లేడా?"

"రెండింటికి వెళ్ళాను. బల్ల తుడిచి సగందాకా పట్టించాడు. ఎంత బాగా వచ్చిందంటే... సరే, అదలా ఉంచు. మనిషి లేడు, తలుపుకి తాళం. కాఫీకి వెళ్ళాడేమో అనుకుని ఇంతసేపు అక్కడే కూర్చున్నాను. నా దగ్గరున్న రెండో తాళంచెవితో తీసి చూశాను. బీరువా కూడా చూశాను పిట్టా. ఆ కొత్త డబ్బా..."

పిట్ట లేచింది. అన్నయ్య మొహం వంక చూడకుండా ఉండడానికి అవతలి గోడ వంక చూసింది. ఉందో లేదో, నిండుగా ఉందో సగమో, ఒక్క మాట వింటే చాలు, ప్రాణం ఎటో ఒకవైపు పడుతుంది.

"చెప్పకన్నయ్యా" అంది.

"చెప్పకపోతే ఎలా? వినాలా వద్దా?"

"ఆయన వచ్చి చెప్తారు."

"రాకపోతే?"

ఆమె మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చుంది.

"వచ్చేదాకా కూర్చుంటాను. నువ్వూ కూర్చో."